భయాన్ని పొదుపుగా వాడండి

ఐఎన్ఎస్ 330. ఏ సాస్ సీసా తిప్పి చూసినా, ఏ జామ్ డబ్బా వెనక చదివినా ఈ అంకె కనబడుతుంది. కిరాణా కొట్టులో చిన్న పొట్లంలో అమ్మే నిమ్మ ఉప్పు ఇదే. నిమ్మకాయల ధర మండిపోయే వేసవిలో కొన్ని హోటళ్ల పులిహోరకు పులుపు పెట్టేదీ ఇదే.

1976లో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం చేతులు మారడం మొదలైంది. విల్‌జ్వీఫ్ అనే ఊళ్లో ఉన్న పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి పేరు తగిలించుకుని, తిండిలో కలిపే పదార్థాల నంబర్లన్నీ వరసగా ఇచ్చి, వాటన్నిట్లోకీ క్యాన్సర్ తెచ్చే అతి ప్రమాదకరమైనది 330 అని చెప్పింది. ఆ కాగితానికీ మాకూ సంబంధం లేదు మొర్రో అని ఆసుపత్రి మొత్తుకున్నా ఎవరూ వినలేదు. జనం దాన్ని మళ్లీ టైపు కొట్టి, నకళ్లు తీసి, బడుల్లో, ఆఫీసుల్లో ఏళ్ల తరబడి పంచుకున్నారు. పొద్దున్నే గులాబీ పూల బొమ్మ వెనకాలే మన ఇంటి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చే ‘ఈ నంబర్లు తింటే అంతే’ జాబితాలకు ఆ కరపత్రం ముత్తాత.

తప్పుడు భయంతో పోయేదేముంది, కాస్త జాగ్రత్తే కదా అంటారు కొందరు. పోయేది చాలా ఉంది. భయపడే ఓపిక ఎవరికైనా కొంతే ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో 330ని చూసి సీసాను తిరిగి అరలో పెట్టేసిన చెయ్యే, బయటికొచ్చాక బండి దగ్గర ఆగి, పిల్లాడికి గులాబీ రంగు పీచుమిఠాయి కొనిపెడుతుంది. ఆ మిఠాయికి లేబులే లేదు. అందులో వేసిన రంగుకు నంబరే లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అంతా ఈ రెండు పనుల మధ్య ఉన్న తేడా గురించే.

ముందు ఆ అంకెల సంగతి తేల్చేద్దాం. ఐఎన్ఎస్ అనేది కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన వరస. వందల్లో ఉన్నవి ఎక్కువగా రంగులు. రెండు వందల్లోవి నిల్వ ఉంచేవి. మూడు వందల్లో నూనె కనరెక్కకుండా చూసేవి, పులుపుని సర్దేవి. నాలుగు వందల్లో చిక్కదనం ఇచ్చేవి. ఆరు వందల్లో రుచి పెంచేవి. నంబరు ఉందంటే ఆ పదార్థాన్ని ఎవరో పరీక్షించి, పేరు నమోదు చేసి, ఎందులో ఎంత వాడొచ్చో రాసిపెట్టారని అర్థం. అంతకుమించి మంచీ లేదు, చెడూ లేదు. పసుపులోని కర్క్యుమిన్ 100. వంటసోడా 500. విటమిన్ సి 300. గోరుచిక్కుడు గింజల పిండి 412, అదే గ్వార్ గమ్. ఐస్‌క్రీమ్ గరగరలాడకుండా నున్నగా ఉండేది చాలాసార్లు దాని పుణ్యమే. నల్లమలలో చెంచులు తపసి చెట్ల నుంచి తీసే జిగురుకు కూడా నంబరుంది, 416. గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ కొనుగోలు చేసే అడవి సరుకుల్లో అది పేరున్నది.

అందుకని నంబరు చూడగానే ఉలిక్కిపడక్కర్లేదు. అలాగని ‘ప్రభుత్వం అనుమతించింది కాబట్టి ఇక నిశ్చింత’ అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. బ్రెడ్డు పిండి బాగా పొంగడానికి పొటాషియం బ్రోమేట్ వాడేవాళ్లు. దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో చేర్చింది. అయినా మన దగ్గర అది నడిచింది. 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 రకాల బ్రెడ్లు, బన్నులు, పిజ్జా రొట్టెలు పరీక్ష చేయిస్తే 84 శాతం వాటిలో బ్రోమేట్, అయోడేట్ జాడలు దొరికాయి. ఆ గొడవ తర్వాత నెలలోపే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బ్రోమేట్‌ను నిషేధించింది. నిన్న సరే అన్నది రేపు కాదనొచ్చు. అది వ్యవస్థ పనిచేస్తోందనడానికి గుర్తు. ఆలస్యంగా పనిచేస్తుందనడానికి కూడా.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఇది ఒక్కసారి అర్థమైతే సగం భయం అక్కర్లేకుండా పోతుంది, మిగిలిన సగం సరైన చోటికి చేరుతుంది.

ఒక పదార్థాన్ని జంతువులకు రకరకాల మోతాదుల్లో పెట్టి చూస్తారు. ఏ మోతాదు దాకా హాని కనబడలేదో దాన్ని తీసుకుని సాధారణంగా 100తో భాగిస్తారు. ఎలుకకీ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. వచ్చిన అంకె రోజూ, బతికినన్నాళ్లూ తిన్నా ఫరవాలేదనుకునే హద్దు. దాన్ని శరీరం బరువులో కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. ‘కిలోకి’ అన్న మాట దగ్గర ఆగండి. 60 కిలోల తండ్రికీ 15 కిలోల కొడుక్కీ హద్దు ఒకటి కాదు. కానీ ఇంట్లో ఇద్దరి ముందూ పెట్టే ప్లేటు ఒకటే.

మన చట్టం చాలా మిఠాయిల్లో, తినుబండారాల్లో కృత్రిమ రంగును కిలోకి 100 మిల్లీగ్రాములకు మించనివ్వదు. ఇప్పుడు 15 కిలోల పిల్లాడి లెక్క చేద్దాం. పసుపు రంగునిచ్చే టార్ట్రాజిన్, అంటే 102, శరీర బరువు కిలోకి 10 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని నిపుణుల సంఘం చెప్పింది. పిల్లాడికి 150 మిల్లీగ్రాములు. చట్టం ప్రకారం రంగు వేసిన మిఠాయి అయితే అంత రంగు ఒంట్లోకి పోవాలంటే కిలోన్నర తినాలి. ఏ పిల్లాడూ తినడు. నారింజ రంగు సన్‌సెట్ యెల్లో, 110, కిలోకి 4 మిల్లీగ్రాములు. హద్దు దాటాలంటే 600 గ్రాములు తినాలి. అదీ కష్టమే. ఇక గులాబీ ఎరుపు ఎరిథ్రోసిన్, 127. దాని హద్దు కిలోకి 0.1 మిల్లీగ్రామే. పిల్లాడికి ఒకటిన్నర మిల్లీగ్రాములు. చట్టం అనుమతించిన గరిష్ఠ మోతాదులో రంగు పడితే 15 గ్రాముల తీపి చాలు, రోజు కోటా అయిపోతుంది. మగ ఎలుకల్లో థైరాయిడ్ కణుతులు కనబడ్డాయన్న కారణంతో అమెరికా ఈ రంగుకు తిండిలో అనుమతి రద్దు చేస్తున్నట్టు 2025 జనవరిలో ప్రకటించింది. ఎలుకలో ఆ కణుతులు వచ్చే తీరు మనుషులకు వర్తించదని వాళ్లే చెప్పారు, అయినా వాళ్ల చట్టం ఒప్పుకోదు కాబట్టి తీసేశారు. మనం భయపడి పరిగెత్తాల్సిన పని లేదు. కానీ లేబుల్ మీద ‘కలర్’ అని ఉన్నచోట పక్కనున్న మూడంకెలు 127 అయితే, అది చంటిపిల్లల నోటికి వద్దని మీరు నిర్ణయించుకోవచ్చు. చెర్రీ పండ్ల డబ్బాల మీద ముఖ్యంగా చూడండి.

రంగులకీ పిల్లల చురుకుదనానికీ సంబంధం ఉందా అన్నది ఎక్కువమంది అమ్మలు అడిగే ప్రశ్న. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 2007లో మూడేళ్ల పిల్లలకీ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకీ కొన్ని కృత్రిమ రంగుల్ని సోడియం బెంజోయేట్‌తో కలిపి పానీయంలో ఇచ్చి చూశారు. కొందరిలో నిలకడ లేకపోవడం కొద్దిగా పెరిగింది. అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి ఏది దోషో తేలలేదు. అయినా ఐరోపా సమాఖ్య 2010 నుంచి ఆరు రంగులు వేసిన తిండి డబ్బాల మీద ‘పిల్లల చురుకుదనం, ఏకాగ్రతల మీద చెడు ప్రభావం ఉండొచ్చు’ అని రాసి తీరాలంది. అక్కడి కంపెనీలు ఆ వాక్యం రాయడానికి సిగ్గుపడి చాలావరకు రంగులే మార్చేశాయి. ఆ ఆరింట్లో 102, 110, 122, 124 మన దగ్గరా అనుమతి ఉన్నవే. ఇక్కడ ఆ హెచ్చరిక లేదు. మీ పిల్లాడు కుదురుగా ఉండటం లేదని అనిపిస్తే నెల రోజులు ఈ నాలుగు నంబర్లు లేకుండా చూడండి. నష్టం ఏమీ లేదు. అవి లేకపోతే తగ్గే పోషకం అంటూ ఒక్కటీ లేదు, ఎందుకంటే రంగు పని కంటికే.

ఇంతవరకూ చెప్పింది లేబుల్ ఉన్న తిండి గురించి. లేబుల్ లేని తిండి దగ్గర ఈ లెక్కలేవీ పనిచేయవు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నగరంలో జనం ఎంత కృత్రిమ రంగు తింటున్నారో లెక్క తీసి 2004లో ప్రచురించారు. కొందరు టార్ట్రాజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిథ్రోసిన్ల హద్దులు దాటేశారు. కిలోన్నర మిఠాయి తినకుండానే హద్దు ఎలా దాటింది? వేసేవాడు చట్టం చూసి వేయడు కాబట్టి. జిలేబీ పాకంలో, మిర్చి బజ్జీ పిండిలో, రవ్వ కేసరిలో, గోబీ మంచూరియాలో పడే మిఠాయి రంగుకు కొలత చెంచా కాదు, చూపు. కంటికి ఆనేదాకా వేస్తారు. పక్కబండివాడి చికెన్ 65 కంటే మనది ఎర్రగా లేకపోతే బేరం పోతుందన్న దిగులు ఒకటి. నిజం చెప్పాలంటే ఆ దిగులు మనం పెట్టినదే. ఎర్రగా ఉన్నదాన్నే వేలు పెట్టి చూపించి కొనుక్కుంది మనమే.

అనుమతి ఉన్న రంగు ఎక్కువ పడటం ఒక సంగతి. అసలు తిండిలో అడుగే పెట్టకూడని రంగులు పడటం ఇంకో సంగతి. రోడమైన్-బి బట్టలకూ కాగితాలకూ వేసే రంగు. పీచుమిఠాయిలో అది దొరికిందని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. తర్వాతి నెల కర్ణాటక అటు పీచుమిఠాయిలోనూ ఇటు గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు వద్దంది. మెటానిల్ యెల్లో అనే ఇంకొకటి పసుపుపొడిలో, కందిపప్పులో, లడ్డూల్లో దశాబ్దాలుగా పట్టుబడుతూనే ఉంది. పచ్చి బఠాణీలకు మలకైట్ గ్రీన్. వీటికి రోజువారీ హద్దు అంటూ ఎవరూ లెక్క కట్టలేదు. తినకూడనిదానికి హద్దెందుకు?

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్షలు రెండున్నాయి. గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కలపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీళ్లకు లేత రంగు ఇస్తుంది. రంగు కలిపినదైతే నీళ్లు చిక్కటి పసుపు అవుతాయి. బఠాణీలను నీళ్లలో అరగంట ఉంచితే నీళ్లు పచ్చబడకూడదు. ఇవి పక్కా రుజువులు కావు, అనుమానం పుట్టించడానికి చాలు. కొట్టు మార్చడానికి అనుమానం సరిపోతుంది. గట్టిగా తేల్చుకోవాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉచిత నంబరు 1800-112-100కి ఫిర్యాదు చేయండి.

అజినమోటో గురించి అడగకుండా ఎవరూ ఈ విషయం ముగించనివ్వరు. వంటవాళ్లు టేస్టింగ్ సాల్ట్ అంటారు. లేబుల్ మీద 621. జపాన్‌లో కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి దాన్ని వేరుచేశాడు. టమాటాలోనూ, చీజ్‌లోనూ ఉండే గ్లుటమేటే అది. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ఒక డాక్టరు చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఉత్తరం రాశాడు. కారణాలుగా చాలా అనుమానించాడు. జనానికి గుర్తుండిపోయింది ఇదొక్కటే. ఆ తర్వాత ఏం వేశారో తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా తేలలేదు. తిండి లేకుండా 3 గ్రాములకు పైగా ఒక్కసారే మింగితే కొందరికి కాసేపు తలనొప్పి, ముఖం వేడెక్కడం ఉండొచ్చు. మామూలుగా ఒక ప్లేటులో పడేది అర గ్రాము లోపే. నా మట్టుకు నాకు దాని మీద ఉన్న ఫిర్యాదు వేరు. నాసిరకం సరుకుతో చేసిన వంటను కూడా అది నాలుకకు నచ్చేలా చేస్తుంది. అది ఆరోగ్యం సంగతి కాదు, నిజాయితీ సంగతి. రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్ల ఉప్పు గురించి మాట్లాడటం మరిచిపోయాం. టేస్టింగ్ సాల్ట్‌లో సోడియం 12 శాతం. మామూలు ఉప్పులో 39. బీపీ పెంచేది ఆ రెండోది.

నిల్వ ఉంచే మందుల గురించి ఎక్కువ చెప్పను. బూజు పట్టిన పచ్చడి కంటే సోడియం బెంజోయేట్, 211, వేసిన పచ్చడి నయం. ఉప్పు, నూనె, ఆవపిండి సరిగ్గా పడిన ఆవకాయకు ఆ అవసరమే రాదు, కానీ ఉప్పు తగ్గించి అమ్మితే ఏదో ఒకటి వేయక తప్పదు. మాంసం విషయం మాత్రం వేరు. సాసేజీలు, సలామీల్లాంటి వాటికి గులాబీ రంగూ నిల్వా ఇచ్చే నైట్రైట్లు, 249, 250, రోజువారీ అలవాటుకు పనికిరావు. ఇలా శుద్ధిచేసి నిల్వచేసిన మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో లెక్క చెప్పింది. పిల్లల ఫ్రిజ్‌లో చికెన్ సాసేజీ ప్యాకెట్ శాశ్వతంగా కాపురం పెట్టిన ఇళ్లకు ఇది చెబుతున్నాను.

కొందరికి మాత్రం ఒకే ఒక్క నంబరు నిజంగానే ప్రాణం మీదికి తెస్తుంది. వాళ్లు మిగతా అధ్యాయమంతా మరిచిపోయినా ఈ పేరా గుర్తుంచుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు, 220 నుంచి 228 దాకా, పడవు. ఊపిరి బిగుసుకుపోతుంది. ఎండు ఆప్రికాట్లు ఆకర్షణీయంగా నారింజ రంగులో ఉన్నాయంటే సల్ఫైట్ పడినట్టే, అది లేనివి గోధుమ రంగుకు తిరుగుతాయి. బెల్లం పసుపుపచ్చగా నిగనిగలాడటానికి వండేటప్పుడు హైడ్రోస్ వేస్తారు, అదీ ఇదే కుటుంబం. ముదురు గోధుమ రంగు దిమ్మె అడిగి తీసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఫాస్ఫేట్లు శత్రువులు. కోలాల్లోని 338, ప్రాసెస్డ్ చీజ్‌లో, నిల్వ మాంసంలో ఉండే 450, 451, 452. పప్పులో ఉండే ఫాస్ఫరస్‌లో సగమో అంతకన్నా తక్కువో ఒంటికి పడుతుంది. ఇలా విడిగా కలిపినది దాదాపు మొత్తం పడుతుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న మనిషికి పప్పు మానమని చెప్పేముందు కూల్‌డ్రింకు మానమని చెప్పాలి. పుట్టుకతో ఫినైల్‌కీటోన్యూరియా ఉన్న పిల్లలకు ఆస్పర్టేమ్, 951, ససేమిరా కూడదు.

మిగతావాళ్లకు ఆస్పర్టేమ్ సంగతి? 2023 జూలైలో దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2బి వర్గంలో ఆ క్యాన్సర్ విభాగమే చేర్చింది. అదే రోజు ఇంకో సంఘం పాత హద్దును, కిలోకి 40 మిల్లీగ్రాములు, మార్చక్కర్లేదంది. 70 కిలోల మనిషి రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ కూల్‌డ్రింకు తాగితేగాని అది దాటదు. (పొద్దున వాకింగ్ పార్కు గేటు దగ్గర తాగే కలబంద రసం ఆకు మొత్తం కలిపి తీసినదైతే అదీ 2బి వర్గమే. దాని మీద వాట్సాప్ మెసేజీ రాదెందుకో.) అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఇంకో మాట నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనబడింది. బరువు తగ్గడానికి ఈ తీపి మందుల మీద ఆధారపడొద్దని.

చివరగా, జవాబు ఇంకా పూర్తిగా రాని ప్రశ్న ఒకటుంది. నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే 433, 466 లాంటివి ఎలుకల పేగు గోడ మీది జిగురు పొరను దెబ్బతీశాయని 2015లో తేలింది. 466ను కొద్దిమంది మనుషులకు ఇచ్చి చూసినప్పుడు పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవుల తీరు మారింది. ఇంకోవైపు 2019లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వంటింటి తిండి కావలసినంత పెట్టారు. వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లోనూ సమానంగా సరిచూశారు. అయినా ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఏ ఒక్క నంబరూ వాళ్లకు విషం పెట్టలేదు. అన్నీ కలిసి నమలక్కర్లేకుండా, ఆగబుద్ధి కాకుండా చేసి ఉండొచ్చు. నేను ప్యాకెట్ వెనక ముందు చూసేది అందుకే నంబర్లను కాదు, మొదటి మూడు పేర్లను. బరువు ఎక్కువున్నది ముందు రాయాలని నియమం. ఆ మూడు మైదా, పామాయిల్, చక్కెర అయితే తర్వాతున్న నంబర్ల మంచిచెడ్డలు చూడటం టైం దండగ.

ఇంట్లో పెళ్లో, గృహప్రవేశమో ఉంటే ఈ అధ్యాయాన్ని అమలు చేయడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు, ఒక్కపూటలో మూడు నాలుగు వందల మంది తింటారు. మెనూ మాట్లాడేటప్పుడే రంగు వద్దని చెప్పండి. ‘రంగు లేకపోతే చూపు రాదండీ’ అంటాడు వంట మాస్టారు. బిరియానీ మీదికి పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు, అంత ఖర్చు వద్దనుకుంటే పసుపు. వేపుళ్లకు కాశ్మీరీ మిరపపొడి. కేసరి తెల్లగా ఉంటే ఉండనివ్వండి, నెయ్యి తగ్గకపోతే ఎవరూ అడగరు. తర్వాత ఆయన సరుకుల చీటీ రాసిస్తాడు. లవంగాలు, యాలకులు, జీడిపప్పు అన్నీ అయ్యాక, ఎక్కడో అడుగున, ‘మిఠాయి రంగు, ఎరుపు 1, ఆరెంజ్ 1’ అని ఉంటుంది. కొట్టుకు పంపేముందు ఆ వరస కొట్టేయండి.